మా ఆయన వీసాలో నేను చదవని సగం

ఒక పెళ్ళిలో పెళ్ళికూతురి అన్నయ్య లేకుండా పోవడానికి కారణం నేను. తుఫాను రాలేదు, విమానం చెడిపోలేదు. ఒక కాగితం పై సగం చదివి కింది సగం వదిలేసిన నా తెలివి చాలింది. ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుతాను, మీరు నవ్వుకోండి. నేనూ నవ్వుతాను గానీ మధ్యలో ఒకచోట ముక్కు చీదుకుంటాను. సర్దుకోండి.

మాది తణుకు. మస్కట్‌లో నర్సుగా చేస్తున్నప్పుడు అదే వార్డులో పనిచేసే జోయెల్‌ని పెళ్ళి చేసుకున్నాను. ఆయనది ఫిలిప్పీన్స్. ఇద్దరి కాంట్రాక్టులూ అయిపోయాక, మళ్ళీ ఉద్యోగాలు దొరికేదాకా మా అమ్మ దగ్గర ఉందామని తణుకు వచ్చేశాం.

ఆయన వీసా బాధ్యత నేనే నెత్తికెత్తుకున్నాను. మా వీధిలో ఎవరికి పాస్‌పోర్టు కావాలన్నా ఫారం నింపిపెట్టేది నేనే కాబట్టి ఆ విషయాల్లో నాకు కలెక్టరంత హోదా ఉండేది. టూరిస్టు వీసా ఆన్‌లైన్లో పెట్టాను, వచ్చింది, ప్రింటు తీశాను. ఏడాది చెల్లుతుందని పైనే రాసి ఉంది. కింద చీమలబారులాగా సన్నటి అక్షరాలు. పంచదార డబ్బాలో తప్ప చీమల్ని ఎవరు పట్టించుకుంటారు చెప్పండి.

"అయితే ఏడాదంతా ఉండొచ్చా?" అని అడిగాడు జోయెల్. మేమిద్దరం ఇంగ్లీషులోనే మాట్లాడుకుంటాం. మీకోసం తెలుగులో చెబుతున్నాను.

"ఏడాదని రాసుంటే ఏడాదే కదా."

"ఇండియన్‌ని చేసుకున్నవాళ్ళకి వేరే వీసా ఉంటుందని నా ఫ్రెండు చెప్పాడు."

"నీ ఫ్రెండు ఇండియాలో పుట్టాడా?"

"లేదు."

"నేను పుట్టాను," అన్నాను. చర్చ ముగిసింది. ఇప్పుడు తలుచుకుంటే ఆ ముగించిన తీరుకే ముందు సిగ్గేస్తుంది.

నాలుగు నెలలు హాయిగా గడిచాయి. ఆయన మా చర్చిలో గిటారు వాయించాడు, అమ్మ చేతి పులస పులుసు తిని ముళ్ళతో మూడుసార్లు పోరాడి గెలిచాడు. అప్పుడు ఆయన చెల్లెలు లిజా పెళ్ళి కుదిరింది. వాళ్ళ నాన్న పోయి చాలా ఏళ్ళయింది. పెళ్ళిరోజున చెల్లెల్ని చెయ్యిపట్టి బలిపీఠం దాకా నడిపించాల్సింది జోయెలే. తణుకులోనే సూటు కుట్టించుకున్నాడు. టైలరు మూడుసార్లు విప్పి మూడుసార్లు కుట్టాడు, ఆయన ప్రతిసారీ కొత్త పెళ్ళికొడుకులా మురిసిపోయాడు.

పెళ్ళికని ఇద్దరం హైదరాబాదు విమానాశ్రయం చేరాం. ఇమిగ్రేషన్ కౌంటర్లో ఉన్నావిడ తెలుగావిడే. పాస్‌పోర్టు తిరగేసి ఆగింది.

"ఈయన వచ్చి నాలుగు నెలలు దాటిందండి. తొంభై రోజులే ఉండాలి కదా."

"ఏడాది వీసా అండి అది. పైనే ఉంది చూడండి."

"ఏడాదిలోపు ఎన్నిసార్లయినా రావచ్చండి. వచ్చిన ప్రతిసారీ తొంభై రోజులే. కింద ఉంది చూడండి," అంటూ చీమలబారు మీద వేలు పెట్టింది. "దేశం దాటాలంటే ఇక ఎగ్జిట్ పర్మిట్ తెచ్చుకోవాలి. అది లేకుండా నేను పంపలేను."

"ఏమంటోంది?" అన్నాడు జోయెల్.

"చిన్న సంతకం ఏదో కావాలంట."

"సునీతా, ఆవిడ తల అడ్డంగా ఊపుతోంది."

విమానం వెళ్ళిపోయింది. మేం రైలెక్కి తణుకు వచ్చాం. ఆయన దారిలో నన్ను తిట్టినా బాగుండేది. సూటు మడత పడకుండా ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

పర్మిట్ కోసం అప్లికేషన్ తెరిస్తే సీ ఫారం జతచేయమంది. అదేమిటో కనుక్కుందామని జిల్లా పోలీసు ఆఫీసుకి వెళ్ళాను. అక్కడి గుమాస్తాగారు ఓపిగ్గా చెప్పారు.

"విదేశీయులు ఇంట్లో దిగితే ఇరవై నాలుగ్గంటల్లో ఇంటివాళ్ళు తెలియజేయాలండి."

"ఆయన విదేశీయుడు కాదండి, మా ఆయన."

"మీకు మీ ఆయనేనండి. మాకు విదేశీయుడే."

అంటే నాలుగు నెలలుగా మా అమ్మ ఏ పాపమూ తెలియకుండా ఒక విదేశీయుణ్ణి ఇంట్లో పెట్టుకుని పులుసు పోస్తోందన్నమాట. ఆ ఫారం ఆలస్యంగా నింపి, క్షమించమని ఇంకో కాగితం పెట్టాను. గడువు ఎందుకు దాటిందో సంజాయిషీ కూడా కావాలన్నారు. నేను ఒకటిన్నర పేజీ రాశాను. అందులో వర్షాలున్నాయి, అమ్మ మోకాళ్ళ నొప్పులున్నాయి, ఇంటర్నెట్ కూడా ఉంది. నేను మాత్రం ఎక్కడా లేను. జోయెల్ అది పక్కనపెట్టి ఒక్క వాక్యం రాశాడు. "నిబంధన చదవలేదు, తప్పు నాది."

"నీది కాదు కదా."

"పాస్‌పోర్టు నాది," అన్నాడు.

పర్మిట్ కంటే ముందు పెళ్ళి వచ్చేసింది. ఆ మధ్యాహ్నం ఉక్కపోతలో ఆయన సూటు వేసుకుని, టై కట్టుకుని, మా ముందుగదిలో ఫ్రిజ్ పక్కన నిలబడ్డాడు. నేను వీడియో కాల్ పెట్టి ఫోను పట్టుకున్నాను. అక్కడ పాట మొదలైంది, లిజా నడక మొదలుపెట్టింది. ఇక్కడ ఈయన మోచెయ్యి కాస్త వంచి, పక్కన ఎవరో చెయ్యి వేసినట్టు, ఆ అమ్మాయి అడుగుకి తన అడుగు కలుపుతూ ఫ్రిజ్ దగ్గర్నుంచి టీవీ దాకా నడిచాడు. మా గది చిన్నది. చెల్లెలు ఇంకా సగం దూరంలో ఉండగానే టీవీ వచ్చేసింది. అక్కడే నిలబడి కాలు కదుపుతూ ఉండిపోయాడు. గుమ్మంలోంచి చూసిన పక్కింటావిడ, "డాన్స్ నేర్చుకుంటున్నారాండి?" అని అడిగింది. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. కళ్ళు తుడుచుకోబోయి ఫోను పైకి తిప్పేసి, చెల్లెలు ఉంగరం మార్చుకోవడం చూడాల్సిన మనిషికి మా ఇంటి సీలింగు చూపించాను.

మూడు రోజులకి పర్మిట్ వచ్చింది. వెళ్ళాం. లిజా నన్ను కావలించుకుంది గానీ, ఫోటోల ఆల్బం తెరిచినప్పుడల్లా అన్నయ్యకి బదులు తన పక్కన నడుస్తున్న మేనమామని చూసి ముందు నేనే తల దించుకున్నాను. తిరిగొచ్చేటప్పుడు ఇండియన్‌ని చేసుకున్నవాళ్ళకిచ్చే వీసా తీసుకున్నాం. ఆ ఫ్రెండు చెప్పినదే.

తణుకు వచ్చిన రోజే ప్రమాణపత్రం రాశాను. "నేను, సునీత అనబడే దానను, పూర్తి స్పృహతో, ఎవరి బలవంతమూ లేకుండా రాసి ఇచ్చుచున్నదేమనగా, ఇకమీదట ప్రభుత్వ కాగితం చేతికొచ్చినచో కడపటి చుక్క వరకూ చదివెదను. చదవక మునుపు భర్తకు జవాబు చెప్పను. ఎక్కడ పుట్టితినో ప్రస్తావించను."

సాక్షి సంతకం పెట్టమని జోయెల్‌కి ఇచ్చాను. పెన్ను తీసుకుని, కాగితం వెనక్కి కూడా తిప్పి చూసి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"అది తెలుగులో ఉంది, నీకు రాదు కదా," అన్నాను.

"అక్షరాలు నేర్చుకున్నాక పెడతాను," అన్నాడు.