మొదటి రక్తం సారుదే

మా సారు పోయిండు. రెండు వారాల కింద మంగళవారం పొద్దుగాల దంతాలపల్లిల ఇంటి ముంగట బండి స్టార్ట్ చేసుకుంట గుండె పట్టుకొని కూలబడ్డడట. మానుకోట దవాఖానకు తెచ్చేసరికే అయిపోయింది. అందరు దేవుడసొంటి మనిషి అంటున్నరు. నాకైతే ఒళ్లు మండుతున్నది. ఆయన మీద, అంతకన్న ఎక్కువ నా మీద.

మానుకోటల మేం పనిచేసే ల్యాబుల సారు పెద్ద టెక్నీషియన్. తండ నుంచి వచ్చిన నాకు సూది పట్టుడు నేర్పింది ఆయనే. సూది పట్టుకొని నేను ఎనకాముందాడుతుంటె, "ఏం గాదు బిడ్డా, నా నరం మీదనే నేర్చుకో" అని చెయ్యి చాపిండు. రెండుసార్లు తప్పుగ గుచ్చిన. ఉఫ్ అని గూడ అనలే.

రక్తంల కొవ్వును మోసే ప్రోటీన్ ఎంతున్నదో చూసే పరీక్షంటె సారుకు పాణం. అది పెరిగితె గుండె నరాలు పూడుకుపోతయి. ఆ ప్రోటీన్‌ను వెతికి పట్టుకునే యాంటీబాడీ చిన్న సీసల, థర్మాకోల్ డబ్బల ఐసు మధ్య, బస్సుల వస్తది. వేడి తగలొద్దు, గడ్డకట్టొద్దు. ఆర్నెల్లకోసారి కొత్త సీస విప్పినప్పుడల్ల సారు అంగీ చెయ్యి మీదికి మడిచేటోడు.

"గుచ్చు బిడ్డా. మందు మంచిదో కాదో తెల్వకుండ పేషెంట్ల మీద చూస్తమా? ముందుగాల నాది."

సారు అంకె ఎప్పుడు తొంభై కాడనే. తొంభై వస్తె సీస మంచిదన్నట్టు. పరీక్ష సరిచూసుకోను కంపెనోళ్లు ఎంత రావాల్నో ముందే రాసి పంపే కంట్రోల్ రక్తం ఫ్రిజ్జుల ఊకెనే పడుండేది.

పోయిన నెల కొత్త సీస విప్పితె నూట ముప్పై వచ్చింది. సారు సీసను వెలుతురుకు పట్టి చూసిండు. "ఐసు తగిలి గడ్డకట్టింది, గందుకే ఎక్కువ చూపెడుతున్నది" అన్నడు. బస్టాండుకు పోయి పార్సిలాయనతోని లొల్లి పెట్టుకున్నడు. రెండో సీస తెప్పిస్తె నూట ముప్పై రెండు వచ్చింది. "ఛీ, గిది గూడ ఖరాబే!" మూడోది గూడ గంతే. కంపెనోళ్లను ఫోన్ల దులిపి పెట్టిండు.

"సార్, ఒకపారి కంట్రోల్ పెట్టి చూద్దామా?" అన్న.

"నాకే నేర్పుతవా?" అని గుర్రుమన్నడు.

నేను నోరు మూసుకున్న. ఎందుకు మూసుకున్ననో నాకే సమజ్ కాదు. చెయ్యి చాపి నేర్పినాయనకు ఎదురు చెప్పుడెట్ల అనుకున్న. గింత పిరికిదాన్నా నేను! ఒకపారి కసిరితె ఏమైతది, రెండోపారి అడగొద్దా? ఆయనైన, తప్పు తన దిక్కు ఉండొచ్చని ఒక్కపారి అనుకుంటె ఏం పోయేది?

సారు దినం అయినంక నిన్న డ్యూటీకి పోయిన. ఫ్రిజ్జు తెరిచి, సారు మూలకు పెట్టిన మూడు సీసలు తీసిన. కంట్రోల్ రక్తం పెట్టి ఒక్కొక్కటి నడిపిన. మూడిటికి మూడు ఉండాల్సిన అంకెనే చూపెట్టినయి.

మూడిటి మీద సారు చేతిరాతల 'ఖరాబు' అని రాసి ఉన్నది.