తెడ్డు పొడవు దూరం

బేకరీ కాక పోయాడన్న కబురు నాకు ఫోన్లో వచ్చింది. పంపింది మా బావ. ఒక గులాబీ పువ్వు, వెలిగే దీపం, కింద "మహనీయునికి అశ్రునివాళి" అని పెద్ద అక్షరాలు, ఆ తర్వాత చేతులు జోడించిన బొమ్మలు వరసగా. ఈ మహనీయుణ్ణే ఆయన మొన్నటిదాకా "ఆ ముసలోడు ఎప్పుడు ఖాళీ చేస్తడురా?" అని నన్ను అడిగేవాడు. ఇప్పుడు ఏకంగా లోకమే ఖాళీ చేశాడు కాక. దీపం బొమ్మ ఆ సంతోషానికే పెట్టి ఉంటాడు.

సాయంత్రానికి పటాన్‌చెరులో రోడ్డు పక్కన ఫ్లెక్సీ లేచింది. అందులో కాక మొహం అరచేతంత, నివాళి అర్పించే బావ మొహం తలుపంత. కాకది ఎప్పుడో మస్కట్ పోయేటప్పుడు పాస్‌పోర్టు కోసం దిగిన ఫొటో. "ఎవడ్రా నన్ను ఈడ వేలాడదీసింది?" అన్నట్టు కనుబొమలు ముడిచి చూస్తున్నాడు. బతికి ఉంటే ఆ గుడ్డ చింపి బన్నుల రేకులు తుడిచేవాడు.

మనుషులు ఎవరెవరో ముందే చెప్పేస్తాను. కాక మా నాన్నకు తమ్ముడు. మస్కట్‌లో చాలా ఏళ్లు రొట్టెలు కాల్చి, తిరిగొచ్చి, ఫ్యాక్టరీలకు పోయే దారి మొదట్లో బేకరీ పెట్టాడు. పెళ్లాం ముందే పోయింది, పిల్లలు లేరు. బావ మా అక్క మొగుడు. తాతల పొలాలను ముక్కలు కోసి అమీన్‌పూర్ వైపు ప్లాట్లుగా అమ్ముకునే పెద్దమనిషి. బేకరీ షట్టరు ఆయనది, కాక కిరాయిదారు. అక్కాబావల కూతురు మౌనిక సంగారెడ్డిలో డిగ్రీ చదువుతూ, సాయంత్రాలు బేకరీకి వచ్చి కేకుల మీద క్రీముతో పూలు వేసేది. బన్నులు కాల్చే భట్టీ దగ్గర పనిచేసే నేపాల్ పిల్లవాడు బిశాల్. ఈ ఇద్దరికీ, బావకూ మధ్య కాక గోడలా నిలబడ్డాడు. గోడ కూలిన మర్నాడే బావ ఆ పిల్లకు అమీన్‌పూర్ సంబంధం, ఆ పిల్లవాడికి ఊరికి బస్సు టికెట్టు సిద్ధం చేసి పెట్టాడు. పోయినవాడి గురించి రాయడానికి కూర్చున్నాను గానీ నా ధ్యాసంతా ఉన్న ఇద్దరి మీదే ఉంది. కాక ఉంటే దీన్ని మెచ్చుకునేవాడు అనను. తిట్టకుండా ఊరుకునేవాడు.

ఎందుకంటే ఆయన ఎవరినీ మెచ్చుకోగా నేను వినలేదు. పుట్టినరోజు కేకు మీద ఫొటో కావాలని వచ్చేవాళ్లను పైనుంచి కిందికి చూసేవాడు. "తినేదాని మీద మొకమెందుకురా? ముందుగాల ముక్కు కోస్తవా, చెవి కోస్తవా?" కేకును మొహాలకు పూసుకునే కుర్రాళ్లకైతే అమ్మేవాడే కాదు. "పూసుకునేటందుకు సున్నం దొరుకుతది, గా ఎదురు దుకాణంల అడుగుండ్రి" అని పంపేసేవాడు. అపార్ట్‌మెంట్ల నుంచి కార్లలో వచ్చి "అంకుల్, గుడ్డు లేనిది ఉందా, చక్కెర లేనిది ఉందా, మైదా లేనిది ఉందా" అనేవాళ్ల ముందు ఖాళీ రేకు ఎత్తి పట్టుకునేవాడు. "ఇగో, ఏం లేనిది గిదే. తీస్కపో."

నన్ను మాత్రం వదిలిపెడతాడా? పదో తరగతి రెండుసార్లు రాసి రెండుసార్లూ లెక్కల దగ్గరే ఆగి, ఆయన బేకరీలోనే బన్నులు అమ్మేవాణ్ణి. "నీకు సదువు రాలే, సరే. సిగ్గన్న రావాలె గదరా" అనేవాడు రోజూ. ఒకసారి పఫ్‌లో కూర బదులు పత్తి కూరి బావకు తినిపించాను. బావ అరగంట నమిలాడు. ఆ రోజు కాక మీసం కొద్దిగా కదిలింది. నా జీవితంలో నాకు దొరికిన సన్మానం అదొక్కటే.

ఒక్క పిండి దగ్గరే ఆయనకు మర్యాద. "పిండిని తొందరపెడితె పగ పడతది" అంటూ తడిగుడ్డ కప్పి, పసిపిల్ల నిద్రపోతున్న గదిలోలాగా దాని పక్కన మెల్లగా నడిచేవాడు.

పోయిన ఏడాది వానల్లో బిశాల్‌కు తల్లి పోయిందని ఊరి నుంచి ఫోన్ వచ్చింది. అక్కడ కొండ విరిగిపడి దారులు మూసుకుపోయాయి. ఎంత పరిగెత్తినా తల్లి మొహం చూడలేడు. వాళ్ల ఆచారం ప్రకారం కొడుకు గుండు చేయించుకుని, తెల్లబట్ట చుట్టుకుని, పదమూడు రోజులు ఒక మూల కూర్చోవాలి. తన తిండి తనే వండుకోవాలి, ఉప్పు తినకూడదు. అన్నిటికంటే ముఖ్యం, వాడు ఎవరినీ ముట్టకూడదు, వాడిని ఎవరూ ముట్టకూడదు.

"కాకా, మా రూంల ఎనిమిది మందిమి. యాడ కూసోవాలె నేను?" అన్నాడు పిల్లవాడు.

కాక భట్టీ పక్క మూల ఊడ్చి గోనెసంచి పరిచాడు. దోసిలితో మైదా తీసి నేల మీద గీత పోశాడు. "గిది దాటి ఎవడన్న కాలు పెడితె ఆ కాలు భట్టీల పెడత" అన్నాడు మావైపు తిరిగి. మరి వాడికి కావలసినవి అందేదెలా? భట్టీలోకి బన్నుల రేకులు తోసే పొడుగాటి కట్టె తెడ్డు ఉంది కదా, దాని కొసన పిండి, నెయ్యిగిన్నె, అరటిపండ్లు పెట్టి గీత అవతలికి తోసేవాడు. "కట్టెకు అంటు లేదు" అని శాస్త్రం కూడా ఆయనే చెప్పాడు. ఏ పుస్తకంలో ఉందని అడిగాను. "నీకు తెలిసిన పుస్తకమేదిరా?" అన్నాడు.

బిశాల్ తన పిండి తనే పిసికి, ఉప్పు లేని బన్నులు కాల్చుకునేవాడు. ఉప్పు పడని పిండి అదుపు లేకుండా పొంగి జావగారిపోతుంది. బన్నుకు రంగు పట్టదు, జబ్బు చేసిన మనిషిలా పాలిపోయి ఉంటుంది. రోజూ ఒకటి తెడ్డు మీద పెట్టి కాకకు ఇచ్చేవాడు. కాక కొరికి, మొహం వికారంగా పెట్టేవాడు.

"థూ! దీంట్ల ఉప్పేదిరా?"

"అమ్మ పోయింది కాకా."

"ఎట్ల పోయింది?"

"జ్వరం వచ్చింది."

"నీకు ఏం వండి పెడుతుండె?"

అక్కడి నుంచి పిల్లవాడు మొదలుపెట్టేవాడు. మక్కరొట్టెలు, మేకలు, తల్లి పాడే పాట. మరునాడు మళ్లీ అదే బన్ను, అదే థూ, అదే ప్రశ్న. ముసలాయనకు మతి పోయిందో, మనసు లేదో నాకు అర్థం కాలేదు.

గిరాకీలకు మాత్రం అన్నీ అర్థమయ్యాయి. గుండు, తెల్లబట్ట చూసి "కేకులు అమ్మే కాడ సావుమనిషేంది?" అని ముక్కులు మూసుకున్నారు. పొద్దస్తమానం ఫ్యాక్టరీల కంపు పీల్చే ముక్కులు, పాపం, వాడి దుఃఖానికి మూతపడ్డాయి. బావ ఏకంగా దిగబడ్డాడు.

"మామా, గా పోరన్ని పంపియ్యి. నా షట్టర్‌కు అపశకునం."

కాక పిండి మీంచి చూపు ఎత్తలేదు. "అల్లుడా, పంట పండే భూమిని సంపి ప్లాట్లు జేసినవ్. దానికి ఎన్ని దినాలు మూలకు కూసున్నవ్ నువ్వు?"

బావ వెళ్లిపోయాడు గానీ గిరాకీ తిరిగి రాలేదు. అప్పుడు నాకు చేతనైన సాయం నేను చేశాను. షిఫ్టు దిగి వచ్చేవాళ్ల చెవిలో ఒక మాట వేశాను. ఆ తెల్లబట్టాయన హిమాలయాల నుంచి వచ్చి దీక్షలో కూర్చున్నాడని, ఆయన చేతి బన్ను తింటే కాంట్రాక్టువాడు పర్మనెంటు అవుతాడని. అంతే. నిన్న ముక్కు మూసుకున్నవాళ్లే ఇవాళ చెప్పులు విప్పి వరస కట్టారు. మనుషుల తెలివి మీద నాకున్న నమ్మకం ఏనాడూ వమ్ము కాలేదు. అందరికంటే వెనక, మొహానికి రుమాలు కట్టుకుని ఒకాయన నిలబడ్డాడు. పొట్టను బట్టి పోల్చుకున్నాను.

"బావమరిదీ, ప్లాట్లకు గూడ పనిజేస్తదా?" అన్నాడు గుసగుసగా.

"కార్నర్ బిట్లకు ఇంకా జల్దీ పనిజేస్తది బావా."

బన్ను రుమాల్లో మూటగట్టుకుపోయాడు.

కాకకు తెలిసింది. తెడ్డు ఎత్తి ఆ వరసను రోడ్డు అవతలిదాకా తరిమాడు. తర్వాత నా గల్లా పట్టుకుని వెనకవైపు ఈడ్చుకుపోయాడు. "తల్లి సచ్చి ఏడ్సే పోరన్ని బాబాను జేస్తివారా? వాడు ఏడ్సాలెరా, నీయవ్వ! ఏడ్సనియ్యి!" అప్పుడే, ఒక్కసారే, మస్కట్ సంగతి చెప్పాడు.

"మా అమ్మ పోయిన నాడు నేను గాడ ఉన్న. సేటు పంపలే. పిండి పిసుకుమన్నడు, పిసికిన. ఆ దినం ఉప్పు ఎయ్యుడు మర్సిన. రేకులకు రేకులు అమ్ముడువోయినయ్. ఒక్కడు, ఒక్కడన్న తిరిగొచ్చి ఉప్పేదిరా అని తిట్టలే. తిడితె చెప్తుంటి గద, మా అమ్మ పోయిందని."

మర్నాటి నుంచి వరస కట్టడానికి వచ్చినవాళ్లను నేనే వెనక్కి పంపాను.

ఆ రోజుల్లోనే కాకకు భుజం నొప్పి మొదలైంది. విచిత్రమైన నొప్పి. సంగారెడ్డి బస్సు దిగి మౌనిక బేకరీ మెట్టు ఎక్కగానే వచ్చేది, ఆ పిల్ల ఇంటికి పోగానే తగ్గేది. "బిడ్డా, జెర గీ తెడ్డు పట్టు, నాతోని అయితలేదు" అనేవాడు. ఆ పిల్ల అరటిపండ్లు పెట్టి జోరుగా తోస్తే పండ్లు దొర్లాయి. "మెల్లగ తోయి. గాడ ఉన్నది భట్టీ గాదు, మనిషి." బిశాల్ సగం బన్ను తెడ్డు మీద పెట్టి తిప్పి పంపాడు. మౌనిక తిన్నది. "ఉప్పు లేదు" అన్నది. "కొన్ని దినాలు ఆగు" అన్నాడు వాడు. ఆ తర్వాత ఇద్దరూ చాలాసేపు తెడ్డును కిందపెట్టడం మర్చిపోయారు. కాక గోడవైపు తిరిగి భుజం రుద్దుకుంటున్నాడు, కుడి భుజమో ఎడమ భుజమో ఆయనకే గుర్తు లేక రెండూ మార్చి మార్చి. పార్కుల్లో, సినిమా హాళ్లలో చేతులు పట్టుకు తిరిగే జంటలను ఎంతోమందిని చూశాను. మనిషిని ముట్టుకోకుండా అంత దగ్గరగా ఉన్నవాళ్లను అక్కడే చూశాను.

సంగతి బావ చెవిన పడ్డప్పుడు "దేశంగాని దేశపోనికి పిల్లనిస్తరా?" అని లేచాడు. "నేను మస్కట్ల ఉన్నన్నాళ్లు నేను గూడ దేశంగానోన్నే. ఆడికెల్లి నేను తెచ్చిన గడియారం నీ పెండ్లిల పెట్టుకుంటివి గద, అప్పుడు దేశం యాదికి రాలే?" అన్నాడు కాక. బావ చేతిని వెనక్కి దాచుకున్నాడు. గడియారం ఇంకా ఉంది.

అలాంటి నోరు ఒక మధ్యాహ్నం కుర్చీలో కూర్చున్నది కూర్చున్నట్టే ఆగిపోయింది. కొరివి పెట్టింది నేనే. పెట్టి, ఇంటికొచ్చి, ఆకలేసి ఉప్పూ కారం దండిగా వేసుకుని తిన్నాను. బిశాల్ ఎవరినీ ఏమీ అడగలేదు. గుండు చేయించుకుని, తెల్లబట్ట చుట్టుకుని, తనే మైదా గీత పోసుకుని ఆ మూలన కూర్చున్నాడు. రోజూ ఒక పాలిపోయిన బన్ను తెడ్డు మీద పెట్టి కాక కుర్చీవైపు తోసేవాడు. కుర్చీ ఏమంటుంది? వచ్చినవాళ్లు కాక గొప్పదనం మాట్లాడి పోయేవారు. ఒక్కరూ ఆ బన్ను కొరకలేదు. అడుగుదామని నేను నోరు తెరిచాను. నా నోట్లోంచి ఏది వచ్చినా వెక్కిరింతలాగే ఉంటుందని మూసుకున్నాను.

మా చుట్టాల దుఃఖం పదకొండో రోజు, పెద్దదినం నాడు మటన్‌తో ముగిసింది. బొక్కలో మూలగ బాగా ఉందని కాకను తలుచుకున్నారు. మూతి తుడుచుకుని బావ తాళం పట్టుకుని బేకరీకి వచ్చాడు, వెనక నేను.

"ఇగ చాలు తమ్మీ. కూసున్నది చాలు. బస్సుకు పో" అని షట్టరు సగం లాగాడు.

ఆ సగం కిందినుంచి వంగి మౌనిక లోపలికి వచ్చింది. ఫోను గుంజుకుని ఇన్నాళ్లూ ఇంట్లో కూర్చోబెట్టిన పిల్ల. తండ్రిని దాటి నేరుగా తెడ్డు దగ్గరికి పోయి, కొసన ఉన్న బన్ను తీసుకుని కొరికింది. మొహం అచ్చం కాకలాగే పెట్టింది.

"థూ! దీంట్ల ఉప్పేది?"

బిశాల్ తలెత్తాడు. "కాక పోయిండు" అన్నాడు.

"ఎట్ల పోయిండు?"

అప్పుడు వాడు ఏడ్చాడు. ఏడుస్తూ చెప్పాడు. కాక కుర్చీలో కూర్చుని "పిండి మీద గుడ్డ కప్పురా" అన్నాడట. కప్పి వెనక్కి తిరిగేసరికి లేడట.

"ఏందే ఇది? నడువు ఇంటికి" అన్నాడు బావ.

మౌనిక వెనక్కి తిరగలేదు. "నాయినా, ఇంక రెండు దినాలు ఈయన్ని ముట్టుకోవద్దు. మూడో దినం పొద్దున గీత దాటి చెయ్యి పట్టుకుంట. ఆపేటోళ్లుంటె గీ రెండు దినాలల్ల ఆపుండ్రి."

బావ నావైపు చూశాడు. నేను రేకులోంచి ఒక బన్ను తీసి ఆయన చేతిలో పెట్టాను. "తిను బావా. కార్నర్ బిట్ అమ్ముడువోయింది గద పోయినసారి."

ఆయన మొహం మండిపోయింది. బన్ను కొరకలేదు. పారేయనూ లేదు. చుట్టూ చూసి జేబులో పెట్టుకున్నాడు.

రేపే ఆ మూడో రోజు. బావ షట్టరును ఇంకా పూర్తిగా దించలేదు, ఎత్తనూ లేదు. ఇది రాయడానికి ఎదురు దుకాణం మెట్ల మీద కూర్చున్నాను. ఆ సగం సందులోంచి నాకు కనబడేది కొంచెమే. నేల మీద మైదా గీత. గీతకు అడ్డంగా తెడ్డు. ఈ కొసన గాజుల చేతులు, ఆ కొసన పిండి అంటిన చేతులు. వాటి వెనక బల్ల మీద తడిగుడ్డ, కింద పిండి పొంగుతున్నట్టుంది, మెల్లగా పైకి లేస్తోంది.