చేపలకు ఎండ చూపించాను

ఇరవై ఏళ్ల కిందటి మాట. పెళ్లయి అనకాపల్లి వచ్చిన కొత్తలో ఒక చిన్న గాజు తొట్టెలో రంగు చేపలు పెంచేదాన్ని. “తినని సేపలెందుకమ్మా?” అని మా అత్తగారు రోజూ సణిగేవారు. ఆవిడ కొండకర్ల ఆవ అనే పెద్ద మంచినీటి చెరువు ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి.

ఆ గుడ్ ఫ్రైడే పొద్దున, పసిపిల్లలకు చూపించినట్టే చేపలకూ లేతెండ చూపిస్తే మంచిదనుకుని తొట్టెను గుమ్మం పక్క గట్టు మీద పెట్టాను. లోపల పెట్టడం మరిచిపోయి మధ్యాహ్నం చర్చికి వెళ్లిపోయాను. మోకాళ్ల నొప్పులతో అత్తగారు రాలేదు.

చర్చిలో మూడు గంటలు, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల మీద ఏడు ప్రసంగాలు. ఐదోది దాహం గురించి. అది మొదలవగానే తొట్టె గుర్తొచ్చింది. అందరి మధ్యలోంచి లేచే ధైర్యం లేక ఏడ్చేశాను. పక్కావిడ అది భక్తి అనుకుని నా వీపు నిమిరింది. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆరాధన అవగానే ఇంటికి పరుగెత్తాను. తొట్టె మీద అత్తగారి తెల్ల చీర, తడిపి కప్పి ఉంది. కింద చేపలన్నీ బతికే ఉన్నాయి.

“ఎండెక్కితే ఆవలో సేపలు తామరాకుల కిందికెల్లిపోతాయి. ఈటికి ఆకేదీ? తొట్టి ఎత్తలేక నా సీర కప్పేను,” అన్నారు.

దాహం మీద ప్రసంగం విన్నది నేను. అర్థమైంది మాత్రం ఇంట్లో ఉన్న మా అత్తగారికి.