కిరాయి కట్టిన గది

మా అత్తమ్మ పోయింది. బాపుకు సొంత అక్క, టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. ఆయాసమని సర్కారు దవాఖానాలో చేర్చిన మనిషి వారం తిరగకుండానే ఒక మధ్యాహ్నం కన్ను మూసింది. డాక్టరు వచ్చి బాపు భుజం మీద చెయ్యి వేశాడు.

ఆమెను పొగడడానికి ఇది రాయడం లేదు. పొగడ్త ఆమెకు గిట్టేది కాదు. దశదినాల నాడు మా చిన్నాయన, అంటే బాపు తమ్ముడు, విస్తరి ముందు కూర్చుని "నేను ఆనాడే చెప్పిన, అక్క ఇన్లే" అన్నాడు. పక్కనున్నవాళ్లంతా తలలూపారు. ఆ మాటకే ఇది రాస్తున్నాను. ఆనాడు ఆయన ఏం చెప్పాడో, ఆమె ఏమందో, చివరికి ఏం జరిగిందో చెబుతాను. ఎవరు ఎవరి మాట వినలేదో మీరే తేల్చండి.

మేముండేది అఫ్జల్‌గంజ్ వెనక గల్లీలో, కిరాయి ఇంట్లో. కింద ఓనరమ్మ, మీద మేము. మా చిన్నతనం నుంచీ అక్కడే. ఆ ఇల్లు చూసి ఒప్పుకున్నది అత్తమ్మే. మెట్లు నిటారు, నల్లా కింద, వంటిల్లు చీకటి అని అందరూ పెదవి విరిస్తే, ఆమె మాత్రం చివరి గదిలోకి పోయి కిటికీ తెరిచి నిలబడిందట. మూసీ వైపు నుంచి గాలి వచ్చిందట. "గిది చాలు" అందట. ఆ గదికని కిరాయిలో తన వాటా విడిగా ఇచ్చేది, ఒకటో తారీకు పొద్దున్నే, పళ్లు తోముకున్నంత మామూలుగా.

పెళ్లయిన కొద్ది కాలానికే మామయ్య పోయాడు. ఆమె ఎవరింట్లోనూ ఒక మూల కూర్చోలేదు. పరీక్ష రాసి ఉద్యోగంలో చేరింది. హెడ్‌ఫోను పెట్టుకునీ పెట్టుకునీ పాపిడి పక్కన వెంట్రుకలు అణిగిపోయి ఒక గీత పడింది. ట్రంక్ కాల్‌లో మూడు నిమిషాలు కాగానే మధ్యలో దూరి చెప్పే అలవాటు ఇంట్లోకీ వచ్చింది. ఎవరైనా సాగదీసి మాట్లాడితే, గిన్నె తోముతూనో జడ వేసుకుంటూనో, వెనక్కి కూడా తిరగకుండా, "మూడు నిమిషాలు అయినయి" అనేది. మా ఇంట్లో ఎన్ని కోపాలు అక్కడ తెగిపోయాయో.

నాకు మొదట లోకజ్ఞానం చెప్పింది కాలేజీ కాదు, ఆమె. "ట్రంక్ కాల్ల మనుషులు రెండే సంగతులు మాట్లాడుతరు బిడ్డా. ఎవలన్న పోయిన్రని, లేకుంటె పైసలు పంపమని. రెండో సంగతి చెప్పెటోని గొంతే ఎక్కువ వణుకుతది." వైర్ల మధ్య కూర్చుని ఊళ్లకు ఊళ్ల అప్పులు విన్న మనిషి ఆమె. అందుకే అప్పంటే అంత చేదు. పిసినారి అన్నారు బంధువులు. అబద్ధం. జీతం వచ్చిన ఆదివారం నన్ను ఇరానీ హోటల్ ఫ్యామిలీ క్యాబిన్‌లోకి తీసుకుపోయి చెరో చాయ్, ఉస్మానియా బిస్కట్లు తెప్పించేది. సినిమా అయితే బాల్కనీ టికెట్టే కొనేది. చెప్పులు మంచివి కొని, వాటికే మళ్లీ మళ్లీ అట్టలు వేయించుకునేది. ఉన్న పైసలు ఖర్చు పెట్టడానికి ఆమె ఏనాడూ భయపడలేదు. లేని పైసలు ఖర్చు పెట్టడం అంటేనే వెనక్కి తగ్గేది.

చిన్నాయన చెప్పిన ఆనాడంటే, పెట్రోలు ధర ఒక్కసారి ఎగిరిన ఏడాది. బాపు పనిచేసే ఫ్యాక్టరీలో ఓవర్‌టైం ఆపేశారు. బేగంబజార్‌లో హమాలీలు ఖాళీ బండ్ల మీద కూర్చుని పేకాడేవాళ్లు. ఎవరిని కదిలించినా "మందీ" అన్న మాటే. బేరాలు లేవు, పైసా తిరగడం లేదు అని దాని అర్థం. సరిగ్గా ఆ రోజుల్లోనే మా ఇంటి మగవాళ్లిద్దరికీ అప్పు చేయాలన్న ఆలోచన పుట్టింది.

ఒక ఆదివారం సాయంత్రం డాబా మీద పంచాయితీ. సైదాబాద్‌లో జాగా అమ్మేవాళ్లు నగదు కోసం అల్లాడుతున్నారు, ఇప్పుడు కొంటేనే అగ్గువ, కిరాయి అంటే మూసీలో పోసిన నీళ్లే అని చిన్నాయన. బేగంబజార్ సేటు ఒకాయన కారు సగం ధరకే ఇచ్చేస్తున్నాడు, మందీ అని పెళ్లిళ్లు ఆగవు కదా, సెలవు రోజుల్లో కిరాయికి తిప్పుకోవచ్చు అని బాపు. వాళ్ల లెక్కలు మరీ తెలివితక్కువవేం కావు. అసలు సంగతేమిటంటే, అప్పు పుట్టాలంటే ఇద్దరికీ జామీను, పూచీ సంతకం, కావాలి. కేంద్ర సర్కారు ఉద్యోగం, పర్మనెంటు సంతకం ఇంట్లో ఒక్కరిదే. అందుకే ఆ సాయంత్రం ఆమె చాయ్‌లో చక్కెర సరిపోయిందా అని ఇద్దరూ అడిగారు.

ఆమె అంతా విన్నది. ధరలు పడ్డాయని సంబరపడుతున్నారు, మరి మన జీతాలు నిలబడతాయని ఎవరు చెప్పారు అని అడిగింది. కారు కదలకుండా నిలబడి ఉన్నా తిండి తింటుందని బాపుకు చెప్పింది. వాళ్లు వదల్లేదు. చివరికి చిన్నాయన గొంతు తగ్గించి, ఎవరూ అనకూడని మాట అన్నాడు.

"రేపు నీ పానం పోతే, కిరాయింట్ల గడప దాటనిస్తరా అక్కా?"

బాపు తల దించుకున్నాడు. అత్తమ్మ నవ్వింది.

"చచ్చినంక నాలుగు గంటలు పండుకునేతందుకు ఇరవై ఏండ్లు కిస్తులు గట్టాల్నారా తమ్మీ? గా నాలుగు గంటలు నీ ఇంట్ల పండుకుంట తియ్."

"నాదేంది, అది నీ ఇల్లు గాదా అక్కా," అన్నాడు చిన్నాయన. ఈ మాట నా చెవులతో విన్నాను. చాయ్ కప్పులు తీస్తున్నది నేనే.

ఆమె ఇద్దరికీ సంతకం పెట్టలేదు. చిన్నాయన చాలా నెలలు మా మెట్లెక్కలేదు. తర్వాత వేరే ఎవరినో పట్టుకుని జాగా కొన్నాడు. ఇల్లు మెల్లమెల్లగా లేచింది. గృహప్రవేశానికి అత్తమ్మ వెండి కుంకుమభరిణె తీసుకుపోయి, ఇల్లంతా తిరిగి, ప్రతి కిటికీ తెరిచి చూసి, "గాలి మంచిగొస్తుందిరా" అని మనస్ఫూర్తిగా మెచ్చుకుంది. బాపు బేగంబజార్‌లో ఒక ఫైనాన్సు ఆయన దగ్గర అప్పు తెచ్చి కారు కొన్నాడు. నల్లటి పాత కారు. వెనక కిటికీ అద్దం సగంలో ఇరుక్కుని పైకీ పోదు, కిందికీ రాదు. పెళ్లిళ్ల రోజుల్లో నాలుగు పైసలు తెచ్చేది. మిగతా కాలమంతా గల్లీలో నిలబడేది, దాని కింద మేకలు పడుకునేవి. అత్తమ్మ డ్యూటీకి పోతూ దాని బానెట్ మీద తట్టి "ఏమ్మా, తిన్నవా?" అని పలకరించేది. బాపు మొహం ముడుచుకునేవాడు.

ఆఖరి కిస్తు కట్టేదాకా ఆ కారెక్కనని ఆమె ఒట్టు పెట్టుకుంది. వానలో తడుస్తూ నడిచిపోయింది కానీ ఎక్కలేదు. మొన్న ఆయాసం వచ్చిన రోజు కూడా ఎక్కలేదు. "ఇంక కొన్నే కిస్తులున్నయి గదా, తొందరేంది" అని రిక్షా పిలిపించుకుంది. రిక్షాలో ఆమె, పక్కన నేను, మా వెనక బాపు ఖాళీ కారు నడుపుకుంటూ. నయాపుల్ దగ్గర జనం ఆగి చూశారు. ఆమె వెనక్కి తిరిగి, ముందుకు పొమ్మని బాపుకు చెయ్యి ఊపింది. రిక్షా అతను నవ్వాడు. ఊపిరి అందక దగ్గుతూనే ఆమె కూడా నవ్వింది.

తిరిగి వచ్చేటప్పుడు మాత్రం ఆ కారులోనే వచ్చింది, వెనక సీట్లో, నా ఒడిలో తల పెట్టుకుని. చిన్నాయన స్కూటర్ మీద వెనకే వచ్చాడు.

గల్లీలోకి తిరగగానే ఓనరమ్మ తలుపులో నిలబడి కనిపించింది. ఏడుస్తోంది. ఏడుస్తూనే రెండు చేతులూ తలుపుకు అడ్డం పెట్టింది. "మీ అక్క నాకూ అక్కనే అన్నా. కాని కిరాయిదార్ల పీనుగ లోపటికొస్తె ఇల్లు ఆర్నెల్లు మూసుకోవాలంటరు. మేమెక్కడికి పోవాలె?" బాపు దండం పెట్టాడు. గల్లీ పెద్దమనుషులు చెప్పి చూశారు. ఆమె కదల్లేదు. మొన్నటిదాకా మెట్ల మీద కూర్చుని మా అత్తమ్మతో చిక్కుడుకాయలకు ఈనెలు తీయించుకున్న మనిషి ఆమె.

అప్పుడు బాపు తమ్ముడి వైపు తిరిగాడు. పద, సైదాబాద్ పోదాం అన్నాడు.

చిన్నాయన స్కూటర్ హ్యాండిల్ మీది దుమ్ము తుడుస్తూ, "గృహప్రవేశం అయ్యి ఏడాది నిండలే అన్నా. పూజ జేసిన అయ్యగారు ఒప్పుకోడు. అక్క మన ఇంటిపేరు మనిషి గూడ కాకపాయె" అన్నాడు.

చదివేవాళ్లు ఈ మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి. జామీను సంతకం కావలసినప్పుడు ఆమె మా ఇంటి మనిషి. వెండి భరిణె తెచ్చినప్పుడు ఆమె మా ఇంటి ఆడబిడ్డ. పడుకోవడానికి చాపంత జాగా కావలసి వచ్చేసరికి ఆమె ఇంటిపేరు వేరైంది. కిరాయి ఇంట్లో చస్తే గడప దాటనివ్వరని ఆమెను భయపెట్టిన మనిషి, సొంత ఇల్లు కట్టుకుని, తన గడప తనే మూసుకున్నాడు. ఇవాళ దాన్ని తన తెలివికి సాక్ష్యంగా చూపిస్తున్నాడు. ఆమె లెక్కలో తప్పేమన్నా ఉంటే అది అప్పు గురించి కాదు, తమ్ముడి మాట గురించి.

వాదం ఇంకా సాగుతోంది. అయ్యగారిని అడుగుదామని ఒకరు, నేరుగా పురానాపూల్ శ్మశానానికే తీసుకుపోదామని ఒకరు. ఆమె తల నా ఒడిలో బరువెక్కుతోంది. పాపిడి పక్కన హెడ్‌ఫోను గీత అలాగే ఉంది. నేను సగం తెరుచుకున్న కారు అద్దంలోంచి అన్నాను.

"మూడు నిమిషాలు అయినయి చిన్నాయనా."

బాపు వచ్చి కారు తలుపు తీశాడు. ఎదురింటి దర్జీ, కత్తెరా సుద్దా జేబులో వేసుకుని, గుడ్డలు కత్తిరించే తన బల్లను గల్లీ మధ్యకు జరిపాడు. ఆ బల్ల మీద పడుకోబెట్టాం. గల్లీ ఆడవాళ్లు చుట్టూ చీరలు పట్టుకుని నిలబడితే స్నానం చేయించాం. వేడినీళ్లు మాత్రం ఓనరమ్మే కాచి కింది కిటికీలోంచి అందించింది, తలుపు తీయకుండా. ఆ నీళ్లు తీసుకున్నాను. థాంక్స్ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను.

దశదినాలు ధర్మశాలలో జరిగాయి. తన ఇంటి పక్కన ఇంకొక జాగా ఉందట, అత్తమ్మకు ఆఫీసు నుంచి రావలసిన పైసలు వస్తే అడ్వాన్సు ఇచ్చేయమన్నాడు చిన్నాయన, మళ్లీ ఇట్లాంటిది జరగకుండా. బాపు విస్తరి మడిచి లేచాడు. రేపు మేమూ ఇల్లు కొంటామేమో, కొనమేమో. కొంటే గాలి కోసం కొంటాం. పీనుగను పెట్టుకోవడానికి ఎవరూ ఇల్లు కొనక్కర్లేని ఊరు కావాలి నాకు. టులెట్ బోర్డు కట్టేవాళ్లకు ఒక్క మాట. అడ్వాన్సు లెక్కపెట్టుకునేటప్పుడే చెప్పండి, ఇది బతికి ఉన్నన్నాళ్లకే అని. వినేవాళ్లు విని, ఇంకో గల్లీకి పోతారు.

ఆ సాయంత్రం పాడె సిద్ధమయ్యేదాకా ఆమె గల్లీలోనే ఉంది, దర్జీ బల్ల మీద, ముఖం పైకి. ఆమె తలవైపు కూర్చుని నేనూ పైకి చూశాను. దవాఖానాకు పోయిన రోజు హడావుడిలో ఎవరూ మూయలేదు, ఆమె గది కిటికీ తెరిచే ఉంది. ఆ నెల కిరాయి ఒకటో తారీకునే కట్టేసింది. పాత చీరతో తను కుట్టుకున్న పరదా గాలికి బయటికి వచ్చి, కాసేపు ఊగి, మళ్లీ లోపలికి పోతూ ఉంది.