టీ తర్వాత ప్రసంగం

నిన్న పారమట్టాలో ఒక హోటల్ ముందు నుంచి వెళ్తుంటే అల్లం టీ వాసన తగిలి ఆగిపోయాను. క్వేకర్స్ హిల్ కమ్యూనిటీ హాల్లో జరిగిన సుభద్రమ్మగారి సంస్మరణ సభ కళ్లముందు నిలిచింది. అప్పటిదాకా అందరూ ఆవిడను పొగిడారు. టీ కప్పులు చేతికొస్తుండగా కూతురు లలిత మైకు అందుకుంది. "అమ్మ ఒక మాట చెప్పి వెళ్లింది. టీ తర్వాత ఎవరైనా తనకి వ్యతిరేకంగా మాట్లాడాలంట. ఎవరూ మాట్లాడకపోతే మీటింగ్ జరగనట్టేనంట." నా కప్పులో టీ చొక్కా మీద ఒలికింది.

ఆ నియమం మాకు కొత్త కాదు. అది ఆవిడకే వర్తించడం కొత్త. గుంటూరులో రాజనీతి శాస్త్రం బోధించి, రిటైరయ్యాక ఈ పరాయి దేశంలో ఉన్న కూతురి దగ్గరికి వచ్చిన సుభద్రమ్మగారు, ఇక్కడి తెలుగు పెద్దవాళ్లమైన మా చేత నెలనెలా చర్చ చేయించేవారు. అంశం ఎప్పుడూ ఒకటే: అమెరికా అధ్యక్షుల్లో ఎవరు గొప్ప? "మన నాయకుల గురించైతే టీ దాకా కూడా ఆగరు, కులాలూ జిల్లాలూ లాక్కొస్తారు. అమెరికా అయితే అందరికీ సమాన దూరం," అనేవారు. టీకి ముందు ఎవరిని పొగిడామో, టీ తర్వాత వాళ్లనే దుయ్యబట్టాలి.

నేను డైరీలు రాసే మనిషిని, ఏ పనికైనా ముందే సిద్ధపడతాను. నా వంతు వచ్చినప్పుడు బానిసత్వాన్ని అంతం చేసిన అంతర్యుద్ధ కాలపు అధ్యక్షుణ్ణి ఎంచుకుని బాగానే చప్పట్లు కొట్టించుకున్నాను. టీ తర్వాత లేచి, "ఆయన మీద చెప్పడానికి ఏమీ లేదండీ," అన్నాను.

"ఏమీ లేదా? అయితే మీరు కొబ్బరికాయ కొట్టండి ప్రసాద్ గారూ, హారతి నేనిస్తాను," అన్నారావిడ. అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ వారమంతా లైబ్రరీలో కూర్చున్నాను. చదివింది నమ్మలేక మళ్లీ చదివాను. అదే యుద్ధకాలంలో, తిరగబడిన ఒక ఆదివాసీ తెగ వాళ్లకు సైనిక విచారణలో ఉరిశిక్షలు పడ్డాయి. ఎక్కువమందిని తప్పించింది ఆయనే. మిగిలినవాళ్ల ఉరికి ఒప్పుకున్నదీ ఆయనే. వాళ్లందరినీ ఒకే రోజు ఉరితీశారు. వెంటనే సుభద్రమ్మగారి ఇంటికి వెళ్లాను.

"ఇది మీకు ముందే తెలుసా?"

"ఏళ్ల తరబడి పాఠం చెప్పాను కదండీ."

"మరి ఇంకా గొప్పవాడేనంటారా?"

"అంటాను. ఇప్పుడు మీరూ అనగలరేమో చూసుకోండి."

అలా అనడానికి నాకు చాలాకాలం పట్టింది.

ఆ సంస్మరణ సభలో ఎవరూ లేవలేదు. తల్లి ఆఖరి కోరిక తీరకుండా పోతుందేమోనని లలిత కళ్లు ఒక్కొక్కరినీ వెతుకుతున్నాయి. పక్కనున్న మిత్రుడు, "వద్దండీ, పోయినావిడ గురించి ఏం మాట్లాడతారు?" అని నా మోచెయ్యి పట్టుకున్నాడు. విడిపించుకుని లేచాను.

"సుభద్రమ్మగారికి వినే ఓపిక తక్కువ," అన్నాను. "కరీంనగర్ నుంచి వచ్చిన నరసింహంగారికి పక్షవాతం తర్వాత మాట మెల్లగా వచ్చేది. సగంలో ఉండగానే టైమైపోయిందని ఈవిడ గంట కొట్టి కూర్చోబెట్టారు. ఆయన మళ్లీ రాలేదు. ఆయనకి ఒకసారి ఫోన్ చెయ్యమని ఈవిడతో అన్నాను. 'రూల్ అందరికీ ఒకటే' అన్నారు. అది తప్పు. ఆవిడకి కూడా తెలుసనుకుంటాను. ఫోన్ మాత్రం చెయ్యలేదు."

ముందువరసలో ఎవరో "ఛ" అన్నారు. లలిత మైకు బల్లమీద పెట్టి నా వైపు నడిచి వచ్చింది. నా చెయ్యి పట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

"థాంక్స్ అంకుల్. పొద్దుట్నుంచీ అందరూ ఎవరో దేవత గురించి చెప్తున్నారు. మా అమ్మ ఇప్పుడొచ్చింది."

ఇప్పటికీ ఎవరినైనా గొప్పవాళ్లని అనబోతే, వాళ్లవల్ల నొచ్చుకున్నదెవరో ముందు వెతుకుతాను. ఆ నొప్పి తెలిశాక కూడా నోరు వస్తేనే అంటాను. సుభద్రమ్మగారిని గొప్ప మనిషని అంటున్నాను.