బాపు మాల వేసుకున్న మూడో రోజు

బాపుకు ఆంజనేయస్వామి మాల వేయించింది నేనే. పొద్దంతా సాంచాల మీద బట్ట నేసి, దిగగానే కల్లు దుకాణానికి పోయేవాడు. మాల వేసుకుంటే నలభై ఒక్క రోజులు కల్లు ముట్టరాదు, ఆ తర్వాత అలవాటే పోతుందనుకున్నా. డిగ్రీలో జువాలజీ చదువుతున్నాననే పొగరొకటి. కొండగట్టు తీసుకుపోయి, మెడలో మాల పడేదాకా వదల్లేదు.

రెండో రోజే చేతులు వణికాయి. "బిడ్డా, జర ఒక్క సీసా తెప్పియ్యి. పానం గుంజుతుంది" అని బతిమాలాడు.

"మాలేసుకొని గీ మాటలేంది బాపూ?" అని కసిరి, బయట గొళ్లెం పెట్టా.

మూడో రోజు పొద్దున గోడల మీద పాములున్నాయని అరిచాడు. తలుపు తీస్తే, పెళ్లామనైనా చూడకుండా, అడ్డం పోయిన అవ్వ గొంతు పిసికి, తల గోడకేసి కొట్టాడు. ఆమె ముందుపన్ను ఊడింది. వేళ్లు విడదీయబోతే నా ముంజేయి కండ ఊడేలా కొరికాడు. ఇరుగుపొరుగు ఉరికొచ్చి విడిపించారు. కానీ ఆ కాషాయం బట్టలు చూసి చేతులు జోడించారు.

"స్వామి వచ్చిండు, కొబ్బరికాయ తెండ్రి!"

పసుపునీళ్లు కుమ్మరించారు. ఒకాయన "మా వానికి నౌకరీ వస్తదా స్వామీ?" అని అడిగాడు. బాపు తల గడపకేసి బాదుకుంటున్నాడు. నాలుక తెగి నోట్లోంచి నెత్తుటి నురగ వస్తోంది. కాళ్లూ చేతులూ కొట్టుకుంటుంటే అవ్వ హారతి పట్టింది. నేనూ మొక్కాను. చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే.

ఆస్పత్రికి చేర్చేసరికి ప్రాణం లేదు. "మత్తుపొడి కలిపిన కల్లు ఒక్కసారే ఎందుకు మాన్పించిన్రు?" అని డాక్టరు నా మీద అరిచాడు.

ఇప్పుడు కాలేజీలో ఆ జువాలజీ పాఠం నేనే చెబుతున్నా. రెండు నాడీకణాల మధ్య సన్నని సందు ఉంటుంది. ఒకటి రసాయనం వదిలితే రెండోది అందుకుంటుంది. కొన్ని రసాయనాలు ఉరకమంటాయి, కొన్ని ఆగమంటాయి. ఆ ఆగమనే మాటకు కల్లులోని పొడి ఏళ్ల తరబడి బలం పోస్తే, మెదడు దాని మీదే ఆనుకుంటుంది. ఉన్నట్టుండి పొడి ఆగితే, ఉరకమనే మాటే మిగులుతుంది; లేని పాములు కనబడతాయి, మూర్ఛ వస్తుంది. డాక్టరు చేతి మందుతో మెల్లగా మాన్పించాలి. కణాల సంగతంతా అప్పటికే చదివి, పరీక్ష రాసి, మంచి మార్కులు తెచ్చుకున్నదాన్ని. తూ, నా చదువు!

మొన్న మంగళవారం అవ్వ దీపం పెట్టి నా తల నిమిరింది. "నువ్వు మాల వేపియ్యవట్టే గద బిడ్డా, మీ బాపు దేవునిల గలిసిండు."

నిజం చెప్పే ధైర్యం రాలేదు. "అవునవ్వా" అన్నా.