చెయ్యి అందినంత మేర

మంగళవారం పొద్దున్నే అవనిగడ్డ బస్సు కండక్టరు బందరులో మా హాస్టలు గేటు దగ్గరికి వచ్చి, "హంసలదీవిలో మీ మావయ్యగారు పోయారటమ్మా, చెప్పమన్నారు" అన్నాడు. ఏ మావయ్య అని అడిగాను. "పడవ మావయ్యంటే తెలుస్తుందన్నారు." ఆయన కాదు, సరిగ్గా కనుక్కోమన్నాను. ఆదివారం నన్ను బస్సెక్కించిన మనిషి మంగళవారానికి లేకపోవడమేమిటి? ఇది రాస్తున్నప్పుడు కూడా నాకు నమ్మకం కుదరడం లేదు.

ఆయన మాకు చుట్టం కాదు. మా నాన్న అక్కడ బడి పంతులు, పక్కిల్లు మావయ్యది. చేపల వేట మీదే బతుకు. ఉన్నదల్లా ఒక పాత తెరచాప పడవ. దాన్ని గట్టుకెక్కించినప్పుడల్లా సొరచేప నూనెలో గుగ్గిలం కాచి, కుంచె ముట్టకుండా అరచేత్తోనే చెక్కంతా పూసేవాడు. ఎడంచేతి వాటం ఆయనది. ఆ కంపుకి నేను ముక్కు మూసుకుంటే, "పడవకి తలంటు కోడలుపిల్లా. చిన్నప్పుడు నీకు పోస్తే ఊరంతా వినపడేలా ఏడ్చేదానివి" అనేవాడు.

ఈ సెలవుల్లో నేను లైబ్రరీ పుస్తకం ఒకటి పట్టుకుని దిగాను. పాత పూతంతా గీకేసి, ఎనామిల్ పెయింటు రెండుసార్లు వెయ్యాలని నా వాదన. "ముప్పయ్యేళ్ళు నూనె తాగిన చెక్క నీ రంగుని పట్టుకుంటదా?" అని ఆయన. మూడు రోజులు నడిచింది. నాలుగో రోజు ఆయనే, "సరే, ఒక వైపు నీది, ఒక వైపు నాది. ఏది నిలిస్తే ఇకమీదట అదే" అన్నాడు. గెలిచానని మురిసిపోయాను.

గీకిన మర్నాడే రంగు వేసేశాను. రెండు రోజులకి అంతా బొబ్బలు.

"చదువుకున్న పడవకి ఆటలమ్మ పోసింది" అంది అత్తయ్య, ఆయన భార్య.

మావయ్య నవ్వలేదు. నా అరచెయ్యి తీసి చెక్కకి ఆనించాడు. "చల్లగా లేదూ? లోపల తడి. కంటికి ఆరినట్టే ఉంటది, చేతికే తెలిసేది. మళ్ళీ గీకు, వారం ఎండనిద్దాం. నీ రంగు నిలవాలే."

"నా రంగు నిలిస్తే నీ నూనె ఓడినట్టేగా?"

"ఓడనీ. నూనైతే రెణ్ణెల్లకోసారి పుయ్యాలి. చెయ్యి లాగేస్తంది."

ఓడిపోతున్నవాళ్ళు చెప్పే సాకనుకున్నాను. ఊళ్ళో ఎవరి చీర కొత్తదో, ఎవరి మాటలో అబద్ధముందో ఇట్టే పట్టేసేదాన్ని. ఆయన కుడిచేత్తో ఎడమ భుజం పట్టుకుని మాట్లాడటం రోజూ చూస్తూ కూడా ఏమిటని అడగలేదు. ఆయనకి కావలసింది పందెం కాదు, చేతికి కాస్త విశ్రాంతి.

మళ్ళీ గీకి, వారం ఆగి రంగు వేసి, ఆదివారం బస్సెక్కాను. సోమవారం సాయంత్రం ఆయన తన వైపు నూనె పూస్తూ, మంచినీళ్ళిమ్మని కూర్చున్నాడట. అత్తయ్య చెంబుతో వచ్చేసరికి అంతా అయిపోయింది.

మట్టి చేసి జనం వెళ్ళిపోయాక పడవ దగ్గరికి వెళ్ళాను. నా వైపు రంగు నున్నగా నిలిచింది, ఒక్క బొబ్బ లేదు. ఆయన చూపినట్టే చెయ్యి ఆనించి చూశాను. తర్వాత అటు తిరిగాను. వెనక భాగంలో నూనె పడవ అంచు దాకా మెరుస్తోంది. ముందుకు నడిచేకొద్దీ దాని పై అంచు జానెడు, మూరెడు కిందికి దిగుతూ వచ్చింది. కొస దగ్గర నా మోకాలి ఎత్తు కూడా లేదు. ఆ పైనంతా నూనె తగలక వెలిసిపోయిన పాత చెక్క.